అంగుళంలో 16వ వంతు

అమెరికాకు వచ్చిన అమ్మమ్మ తాతయ్యలకు మనం అప్పజెప్పేవి శ్లోకాలు, కథలు, పిల్లలకు అన్నం తినిపించడం. లెక్కలు మాత్రం మనమే చూసుకుంటాం, ఇంజనీర్లం కదా! కనీసం భిన్నాల దగ్గరైనా ఈ ఏర్పాటు తిరగేస్తే మంచిదని నా అభిప్రాయం.

మనం పైసలతో, సెంటీమీటర్లతో పెరిగాం; అన్నీ పదులే, వందలే. ఇక్కడి పిల్లల స్కేలు మీద అంగుళం సగమై, ఆ సగం పావై, చివరికి 16 భాగాలవుతుంది. కప్పుకు 16 టేబుల్ స్పూన్లు, పౌనుకు 16 ఔన్సులు. ఎనభైకి దగ్గరపడ్డ తాతయ్యకు ఇదేమీ కొత్త కాదు. 1957లో నయాపైసలు వచ్చేదాకా ఆయన రూపాయికి 16 అణాలు. వాళ్ళమ్మ బియ్యం కొలిచిన మానికకు 4 సోలలు, సోలకు 4 గిద్దలు. పావు ఎక్కం, అర ఎక్కం వల్లెవేసిన తరం అది. మనవరాలి స్కేలు మనకన్నా ఆయనకే త్వరగా అంతుపడుతుంది.

చిక్కంతా మూడో వంతుతోనే. అంగుళంలో దానికి గీతే లేదు. 1/2, 1/3 కూడమంటే పిల్లలు పైవి పైవి, కిందివి కిందివి కలిపి 2/5 అంటారు. మనం వెంటనే క.సా.గు. తీసి, జవాబు తేల్చేసి, ఆఫీసు కాల్‌లోకి వెళ్ళిపోతాం. సగానికి ఇంకొంత కలిపితే సగంకన్నా తక్కువ ఎలా అవుతుందే అని అడిగే తీరిక మనకెక్కడిది? తాతయ్యకు ఉంది. అడుగు స్కేలు తీసి సగం 6 అంగుళాలు, మూడో వంతు 4, మొత్తం 10 అని వేలు పెట్టి చూపిస్తారు. 12లో 10, అంటే 5/6. పాత అణాకూ 12 పైసలే. అందుకే రూపాయిని ముగ్గురికి పంచితే తలా 5 అణాల 4 పైసలు, చిల్లర మిగలకుండా వచ్చేది. మన 100 పైసలను పంచి చూడండి, ఒకటి మిగిలిపోతుంది.

ఒక్క జాగ్రత్త. జవాబు ఎవరు చెప్పినా, టీచరు గీయమన్న నంబర్ లైన్ మీద దాన్ని పెట్టించాలి. చాలా రాష్ట్రాల్లో 3వ తరగతి నుంచే ఇది అడుగుతారు, సబబే. ఒక్క పిజ్జా బొమ్మలో 5/4 చూపించలేం. గీత మీదైతే ఒకటి దాటి ఇంకాస్త ముందుకు జరిగితే చాలు.

హారాలు వేరైన భిన్నాల కూడిక 5వ తరగతిలో వస్తుంది. అప్పటికి తాతయ్య వీసా గడువు తీరి ఊరెళ్ళిపోయి ఉంటే వీడియో కాల్ ఉండనే ఉంది. కెమెరా ముందు స్కేలు పట్టుకోవడం పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు.