తక్కెడ ఎవరి చేతిలో?

మూకండపల్లిలో సిప్‌కాట్ షిఫ్టు విడిచాక ఆటో బేరం ఇప్పుడు ఫోనులోనూ తెగుతుంది. రాత్రిపూట ఇల్లు చేరాల్సిన ఆడపిల్లకు బాడుగ ముందే తెలుస్తుంది. తోలేవాని పేరూ, బండి నెంబరూ చేతిలో ఉంటాయి. ఈ మేలును నేను కాదనను.

అయితే, "ఇష్టమైతే ఎక్కు, ఇష్టమైతే తోలు, ఇందులో అన్యాయమెక్కడ?" అనే వాదం నాకు రుచించదు. నెల తిరిగేసరికి బండి అప్పు కంతు కట్టాల్సినవాని ఒప్పుకోలులో ఇష్టం సగమే, మిగతా సగం గతిలేనితనం.

సంతలో దళారి తన రుసుము తాను అడగవచ్చు. తూకపురాళ్లకు మాత్రం సర్కారు ముద్ర ఉండాలి. ఈ ఆప్ కంపెనీలకు దళారీతనమూ తమదే, తక్కెడా తమదే. వానవేళ బాడుగ ఎందుకింత పెరిగిందో, ఒక డ్రైవరును ఎందుకు తీసేశారో తేల్చేదీ వాళ్లే. అలాంటి తక్కెడకు ముద్ర అడగడం వ్యాపారానికి అడ్డుపడటం కాదు.

2025 జూలైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు గిరాకీవేళ బాడుగ మూలధరకు రెండింతలు దాటరాదన్నాయి. సొంత బండివానికి బాడుగలో కనీసం 80 శాతం దక్కాలన్నాయి. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. తమిళనాడు 2023లో ఇలాంటి పనివారికి సంక్షేమ బోర్డు పెట్టింది. మంచిదే. కానీ కాలు విరిగినాక అందే సాయం వేరు, కాలు బాగున్నప్పుడు సరిగా కొలిచిన కూలి వేరు.

మన రసీదులో మనమిచ్చిన బాడుగ ఉంటుంది. తోలినవానికి అందులో ఎంత ముట్టిందో కూడా పక్కనే అచ్చు కావాలి. అప్పుడు చౌక అంటే ఏమిటో మనకే తెలుస్తుంది.