మృగయ నేర్పెడి మొదటి పాఠము

కనుమ పండుగ దినమున తిరుమలలో పార్వేట ఉత్సవము జరుగును. శ్రీ మలయప్పస్వామివారు ఆయుధములు ధరించి పార్వేట మండపమునకు వేంచేయుదురు. ఆస్థానమైన పిమ్మట స్వామివారి పక్షమున అర్చకస్వాములు ఈటెను విసరుదురు. అహోబిలమున శ్రీ నరసింహస్వామివారును కనుమ నాడే పారువేటకు బయలుదేరి, సుమారు 40 దినములు చుట్టుపట్ల గ్రామములలో సంచరింతురు. చెంచులక్ష్మిని చేపట్టిన స్వామి తన కల్యాణమునకు చెంచులను, గ్రామస్థులను స్వయముగా పిలువవచ్చునని అచ్చటి భక్తుల విశ్వాసము.

సర్వభూతములకు తండ్రియైన భగవానునకు వేట యేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. ప్రజలను బాధించు దుష్టమృగములను నిగ్రహించుట రాజధర్మము గనుక, లోకములకెల్ల రాజైన స్వామి ఆ ధర్మమును ఉత్సవరూపమున నడుపుచున్నాడని పెద్దలు చెప్పుదురు. కామక్రోధాదులే ఆ దుష్టమృగములని అంతరార్థము చెప్పువారును కలరు. రెండును సమంజసములే. అయితే వేట యనెడి విద్యకు ఒక మొదటి పాఠము కలదు. దానిని మరచి మహారాజులు సైతము ఎంత దుఃఖము పొందిరో ఇతిహాస పురాణములు చెప్పుచున్నవి. జన్మలో విల్లు ముట్టని గృహస్థునకు కూడ అది నిత్యము అక్కరకు వచ్చెడి పాఠము.

మృగయను గూర్చి మన శాస్త్రములు ఒక పక్షమునే పలుకలేదు. మనువు రాజులకు కామమువలన కలిగెడి పది వ్యసనములలో వేటను చేర్చి, వానిలో మిక్కిలి కష్టమైన నాలుగింటను కూడ దానిని లెక్కించెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దాని మేలును చెప్పెను. వేటవలన శరీరమునకు వ్యాయామము కలుగును. కఫపిత్తములును క్రొవ్వును తగ్గును. నిలిచిన గురిని, కదలెడి గురిని కొట్టు అభ్యాసము కలుగును. కోపించినపుడు, భయపడినపుడు మృగముల చిత్తము ఎట్లుండునో తెలియును. ఆ కౌటిల్యుడే అభయవనములందలి మృగములను, పక్షులను, చేపలను బంధించినవారికిని చంపినవారికిని ఉత్తమ సాహస దండమును విధింపుమనెను. వేట అనుమతింపబడిన కాలమునందును దానికి హద్దు ఉండినది.

లేళ్ళ వేటకు క్రొత్తగా పోవువానికి అనుభవజ్ఞులు చెప్పెడి మాటలు ఏ దేశమునందైనను ఇంచుమించు ఒక్కటే. లేడికి ఆఘ్రాణశక్తి మిక్కిలి హెచ్చు. కావున గాలి మృగము వైపునుండి తన వైపునకు వీచునట్లు నడువవలెను. గిట్టల జాడను, కొరికిన చివుళ్ళను, త్రొక్కుడుపడిన గడ్డిని చూచి అది పోయిన త్రోవ తెలిసికొనవలెను. ఉభయ సంధ్యలయందును మృగములు మేతకు, నీటికి కదలును గనుక ఆ వేళకు ముందే చేరి కదలక మెదలక ఉండవలెను. ఎండుటాకు చప్పుడైనచో చుక్కల దుప్పి తల యెత్తి, కాలితో నేలను తట్టి, తోడి దుప్పులను హెచ్చరించును. వీనియన్నిటికిని మిన్నయైన నియమ మొకటి కలదు. గురి యేదో కంటితో స్పష్టముగా చూచి, దాని వెనుక నేమున్నదో కూడ తెలిసికొని, పిమ్మటనే బాణమును విడువవలెను. పొద కదలినదని విడువరాదు. చప్పుడైనదని విడువరాదు. తక్కిన నియమములు తప్పినచో మృగము తప్పించుకొనును. ఈ నియమము తప్పినచో మనుష్యుని ప్రాణమే పోవచ్చును.

దశరథ మహారాజు జీవితమున జరిగినది ఇదియే. శ్రీరాముడు అడవికేగిన ఆరవ నాటి అర్ధరాత్రమున ఆయన కౌసల్యాదేవికి తన యౌవనమునాటి వృత్తాంతమును చెప్పుకొనెను. అప్పటికి ఆయనకు వివాహము కాలేదు. శబ్దమును బట్టి గురిని కొట్టగల నేర్పరియని లోకమున కీర్తి యుండెను. వర్షర్తువున ఒకనాటి రాత్రి సరయూ తీరమున, నీరు త్రాగవచ్చెడి మృగమునకై పొంచియుండెను. చీకటిలో కడవ నిండెడి చప్పుడు వినవచ్చెను. ఏనుగు ఘీంకారమని తలచి బాణము విడిచెను. మరుక్షణమున వినబడినది మనుష్యుని ఆర్తనాదము. అంధులైన తల్లిదండ్రులకు నీరు కొనిపోవ వచ్చిన తాపసకుమారుడు కడవ ప్రక్కనే కూలియుండెను.

ఇందు గమనింపదగిన విషయము కలదు. దశరథునకు విద్య కొరవడలేదు. బాణము గురి తప్పలేదు. శబ్దము వచ్చిన చోటునే అది తాకినది. చెవికి వినబడినది చప్పుడు మాత్రమే. అది ఏనుగు అన్న మాటను మనస్సు కల్పించుకొన్నది. తన నేర్పునందలి నమ్మకమే ఆ కల్పనను నిశ్చయముగా తోపజేసినది. నేర్పులేనివాడైనచో చీకటిలో విల్లెక్కుపెట్టుటకు జంకియుండునేమో.

పాండురాజు విషయమున చీకటి లేదు. ఆయన మృగమును కన్నులార చూచియే కొట్టెను. కాని సంగమ సమయమున నున్న జింకల జంటపై ఐదు బాణములు వేసెను. లేడి రూపమున నున్నవాడు కిందముడను ముని. మృగములను వధించుట రాజులకు ధర్మమే కదా యని పాండురాజు వాదించెను. చంపుటను నిందించుట లేదనియు, సమయమును పాటింపకుండుటయే తప్పనియు ముని బదులు పలికి శపించెను. రూపమును చూచినంత మాత్రమున చూచినట్లు కాదు. ఎదుటి ప్రాణి యున్న సమయమును, స్థితిని కూడ చూడవలెనని ఈ కథవలన తెలియుచున్నది.

ఆ వంశముననే పుట్టిన పరీక్షిన్మహారాజు వేటలో మృగముల వెంట పరుగెత్తి అలసి, ఆకలిదప్పులతో శమీక మహర్షి ఆశ్రమమును చేరెను. నీరు అడిగెను. ముని బదులు చెప్పలేదు. కన్నులు మూసికొని సమాధియందున్న ముని తన్ను అవమానించుచున్నాడని రాజు తలచెను. వింటి కొనతో చచ్చిన పామును ఎత్తి ముని భుజముపై వేసి వెడలిపోయెను. ఇచ్చట బాణము లేదు, రక్తము లేదు. అయినను ఇదియు చూడక విడిచిన బాణమే. చీకటిలో చప్పుడును ఏనుగుగా భావించుటయు, మునియొక్క మౌనమును గర్వముగా భావించుటయు ఒకే జాతి తొందరపాటు. ఇక్కడినుండి వేట అడవిని విడిచి మనుష్యుల నడుమకు వచ్చినది.

పంచవటిలో జరిగినది మరింత సూక్ష్మమైనది. బంగారు లేడిని చూచినపుడు, ఇది మారీచుని మాయయని మొదట గుర్తించినవాడు లక్ష్మణస్వామి. మారీచుడు కూలుచు శ్రీరాముని కంఠమును అనుకరించి కేక వేసెను. ఆ శబ్దమును విని సీతమ్మవారు కలతచెంది, కదలని లక్ష్మణునిపై కటువైన మాటలు పలికెను. మాయాశబ్దమును నమ్మి పలికిన ఆ మాటకు గురియైనవాడు నిర్దోషియైన భాగవతోత్తముడు. జగన్మాతయైన అమ్మవారికి దోషము చెప్పుట ఇచ్చటి తాత్పర్యము కాదు. భక్తుని యెడల తొందరపడి పలికిన మాట యెంతటి వియోగమునకు దారితీయునో తన మీద వేసికొని అమ్మ మనకు నేర్పినది. అశోకవనమున హనుమంతునితో మాటలాడునపుడు ఆమె లక్ష్మణుని గుణములను ఎంతయో ప్రేమతో తలచుకొని, అతని క్షేమమును అడుగుమని చెప్పి పంపెను.

గృహస్థులు ఈ కథలను తమ ఇండ్లలో నిలిపి చూచుకొనవలెను. వంటయింటిలో కోడలు పలికిన సగము మాట వసారాలోని అత్తగారి చెవిని పడును. తక్కిన సగమును మనస్సు పూరించుకొనును. ఆ రాత్రికి ఆ యింట అన్నము సహింపదు. కుమారుడు రెండు నెలలుగా జాబు వ్రాయలేదు, ఫోను చేయలేదు అని తండ్రి అలుగును. దూరదేశమున వాని ఉద్యోగము పోయి, చెప్పుటకు నోరు రాక యున్నాడని ఎరుగడు. దర్శనపు వరుసలో ఒకడు ముందుకు జరిగినచో వెనుకనున్నవారు దూషింతురు. వాని చేయి పట్టుకొనియున్న వృద్ధురాలు సొమ్మసిల్లుచున్నదని చూడరు. ఎవరో పంపిన వార్తను ఫోనులో చదివి, నిజానిజములు విచారింపకయే పదిమందికి పంపువాడు చీకటిలో పది బాణములు విడిచినవాడే.

వైష్ణవులకు ఇందు మరియొక భయము కలదు. శ్రీవచనభూషణమున పిళ్ళై లోకాచార్యులు భగవదపచారముకంటె భాగవతాపచారమును క్రూరతరముగా పేర్కొనిరి. నుదుట తిరుమణి లేదనియో, మంత్రము తప్పుగా పలికెననియో, బట్టలు చినిగియున్నవనియో ఎదుటివానిని తేలికగా తీసివేయునపుడు, ఆ చినిగిన బట్టల వెనుక స్వామికి మిక్కిలి ప్రియుడైన దాసుడు ఉండవచ్చును. గురి వెనుక ఏమున్నదో చూడవలెనన్న వేటగాని నియమము ఇచ్చటనే మిక్కిలి అవసరము.

అయితే ఇదివరకే విడిచిన బాణముల మాట యేమి? అవి తిరిగి అమ్ములపొదిని చేరవు. కాని విడిచినవాడు బాణము పడిన చోటికి నడచి పోవచ్చును. దశరథుడు పారిపోలేదు. కడవతో నీరు తీసికొని తానే అంధులైన తల్లిదండ్రుల యొద్దకు పోయి, చేసినది చెప్పుకొనెను. నీయంతట నీవు వచ్చి చెప్పకుండినచో నీ తల వ్రక్కలై యుండునని ఆ తండ్రి పలికెను. పుత్రశోకమున మరణింతువన్న శాపము తప్పలేదు. కాని ఒప్పుకొనుటవలన ఆనాడు ప్రాణము దక్కినది. పరీక్షిత్తు ఇల్లు చేరినంతనే, శాపవార్త వినకమునుపే, తన పనికి పశ్చాత్తాపపడెను. శాపమును శిరసావహించి గంగాతీరమున కూర్చుండెను. ఆయన వినగోరిన ఏడు దినముల కథయే లోకమునకు శ్రీమద్భాగవతముగా లభించినది.

ఇక జరుడను వేటగాని కథ. ప్రభాస తీర్థమున శ్రీకృష్ణ పరమాత్మ అశ్వత్థ వృక్షము క్రింద కుడి తొడపై ఎడమ పాదము నుంచి ఆసీనుడై యుండెను. ఎఱ్ఱని ఆ పాదమును దూరమునుండి చూచి లేడి ముఖమని భ్రమించి జరుడు బాణము వేసెను. వేటలో ఇంతకంటె ఘోరమైన పొరపాటు ఎవడు చేయగలడు? దగ్గరకు వచ్చి చతుర్భుజుడైన స్వామిని చూచి, గడగడ వణకుచు పాదములపై పడి, తాను తెలియక చేసిన పాపమును చెప్పుకొనెను. స్వామి కోపింపలేదు. భయపడవలదని లేవనెత్తి, ఇది తన సంకల్పమే యని ఓదార్చి, వానికి స్వర్గమును అనుగ్రహించెను. ఏ పాదమును గాయపరచెనో ఆ పాదమే వానికి శరణమైనది. తెలియక చేసిన తప్పునకు ఇంతటి క్షమ కలదు. తెలిసిన పిమ్మట దగ్గరకు రాక దూరముననే నిలుచువానికి ఆ క్షమ ఎట్లు అందును?

నేడు మన దేశమున లేళ్ళను, దుప్పులను వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు, చుక్కల జింక తెలంగాణమునకు రాష్ట్ర జంతువులు. శేషాచల వనములు 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనముగా ప్రకటింపబడినవి. అలిపిరి నుండి కాలినడకన కొండ యెక్కు యాత్రికులు త్రోవలో జింకలను చూచి పిల్లలకు చూపి సంతసింతురు. విల్లంబులు మన చేతులనుండి పోయినవి. నాలుక అనెడి విల్లు మాత్రము ప్రతివాని నోటను ఎక్కుపెట్టియే యున్నది. మాట విడుచుటకు ముందు ఒక్క క్షణము ఆగి, గోవిందనామము తలచి, ఎదుట నున్నదెవరో చూచెడి ఓర్పును, విడిచిన మాటకు దగ్గరకేగి క్షమ వేడెడి ధైర్యమును శ్రీనివాసుడు మనకెల్లరకు ప్రసాదించుగాక.