ముహూర్తం, మిక్సింగ్, ప్రమాణం

పెళ్లి వీడియోను మిక్సింగ్ చేసి, డీవీడీలోకి ఎక్కించి పెళ్లివారికి అందించడం పైకి సాంకేతికమైన పనిగానే కనిపించినా, దానిలో భారతీయ తర్కశాస్త్రం ఏనాడో విచారించిన ప్రశ్న ఒకటి దాగి ఉంది. ఏళ్లు గడిచాక ఆ డిస్కు చూసే కూతురికి తన తల్లిదండ్రుల పెళ్లిని గురించి కలిగే జ్ఞానం ఎటువంటిది, దాన్ని దేని బలంతో నమ్మాలి? 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, తర్కశాస్త్ర విద్యార్థులు నేటికీ తొలి పాఠంగా చదివే తర్కసంగ్రహంలో, యథార్థజ్ఞానానికి సాధనాలైన ప్రమాణాలను నాలుగుగా చెప్పాడు: ఇంద్రియాలతో నేరుగా తెలిసే ప్రత్యక్షం, ఒక గుర్తును బట్టి నిర్ణయించే అనుమానం, పోలికవల్ల తెలిసే ఉపమానం, నమ్మదగినవాని మాట అయిన శబ్దం. పూర్వానుభవం మనసులో మిగిల్చిన సంస్కారం నుంచి మాత్రమే పుట్టే జ్ఞానాన్ని ఆయన స్మృతి అన్నాడు.

డీవీడీని జ్ఞాపకం అనడం లోకంలో వాడుకే గాని, ఆ పెళ్లినాటికి పుట్టని కూతురికి అది స్మృతి కాజాలదు; చూడనిదాన్ని ఎవరూ జ్ఞాపకం తెచ్చుకోలేరు. ప్రత్యక్షమే అనే వాదానికి కొంత బలం ఉంది. కళ్లజోడు పెట్టుకుని చూసినంత మాత్రాన చూపు అబద్ధం కానట్టే, కెమెరా ద్వారా చూసినదీ చూపేనని ఆ పక్షం వారు అంటారు. దీనికి సాంకేతికమైన ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది. సాధారణ డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు మాత్రమే గనుక, గంటల కొద్దీ దృశ్యాన్ని ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించి రాస్తారు. మనదేశంలో వాడే పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు ఉంటే, వాటిలో సుమారు పన్నెండింటికొకటి మాత్రమే సంపూర్ణంగా నిలిచి, తక్కినవి ఇరుగుపొరుగు చిత్రాలతో తమకున్న తేడాగా మాత్రమే నమోదవుతాయి. అయినా ఈ కుదింపును అసత్యం అనడం న్యాయం కాదు. అది అన్ని చిత్రాలకూ ఒకే నియమంతో జరుగుతుంది. వధువు వైపు, వరుడి వైపు అనే రాగద్వేషాలు ఆ నియమానికి లేవు.

రాగం ప్రవేశించేది మిక్సింగ్‌లో. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అడ్డుతెర వెనుక పురోహితుడు చదివే మంత్రాన్ని మ్యూట్ చేసి, ఆ చోట సినిమా పాట పరుస్తారు. మూడు ముళ్లు పడ్డాక, ఫోటో సరిగా రాలేదని వరుడి చేయి మళ్లీ సూత్రం మీద పెట్టించి తీసిన రెండో షాట్‌ను మొదటిదాని స్థానంలో కూర్చుతారు. సప్తపదిలో రెండడుగులు స్లోమోషన్‌లో చూపి తక్కినవి కోసేస్తారు. సప్తపది ఆచారంగా ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తయి ఇద్దరినీ బంధిస్తుందని 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ చెబుతుండగా, ఆ ఏడో అడుగే లేని డిస్కు బీరువాలో భద్రంగా ఉండడం విచారించవలసిన విషయం. కర్మ చేసిన క్షణంలోనే నశించినా, అపూర్వం అనే కనిపించని శక్తి ద్వారా కాలాంతరంలో ఫలిస్తుందని, వైదిక కర్మలను విచారించే మీమాంసకులు అంటారు. వారి లెక్కలో ఆ శక్తి పుట్టేది విధి ప్రకారం చేసిన కర్మ నుంచే. కెమెరా కోసం మళ్లీ చేసిన చేష్టకు ఆ యోగ్యత లేదు.

కాబట్టి మిక్సింగ్ అయిన డిస్కు ప్రత్యక్షం కాదు, శబ్దం. అంటే పెళ్లి ఇలా జరిగిందని ఒక మనిషి చెప్పిన మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు, ఆప్తుని మాటే ప్రమాణం అని అన్నంభట్టు నిర్ణయం గనుక, ఆ డిస్కు ప్రామాణ్యమంతా మిక్సింగ్ చేసినవాని ఆప్తత్వం మీద నిలుస్తుంది. అంటే కోతలన్నీ దోషాలని కాదు. భోజనాల బంతిని నాలుగు నిమిషాలకు కుదించడం సంగ్రహంగా చెప్పడమే. ఏ వక్తకైనా అది తప్పదు. జరిగిన వరుసను మార్చడం, జరిగినదాని స్థానంలో జరిపించినదాన్ని నిలపడం మాత్రం అయథార్థవచనం. కూలి తీసుకుని చేసే పని కదా, అడిగినట్టు ఇస్తే చాలదా అనే సమాధానం ఇక్కడ చెల్లదు. ఎందుకంటే అడిగినవారు పెళ్లిని కళ్లారా చూసినవారు, రేపు నమ్మవలసినవారు చూడనివారు.

పైగా డిస్కు పెళ్లివారి చేతికి వెళ్లాక, స్టూడియో హార్డ్‌డిస్కులోని అసలు ఫుటేజీని కొత్త పెళ్లిళ్ల కోసం చెరిపేయడం మామూలే; అప్పుడిక ఆ మాటను సరిచూసే ఆధారమే ఉండదు. అందుకే పెళ్లివారు డిస్కు తీసుకునే ముందే అసలు ఫుటేజీ అడిగి దాచుకోవాలి. మిక్సింగ్ చేసేవారు పాటలతో అందంగా కూర్చిన భాగాన్ని అలాగే ఉంచి, జీలకర్ర బెల్లం నుంచి సప్తపది దాకా జరిగినదాన్ని దాని సొంత ధ్వనితో, కోత లేకుండా, డీవీడీ మెనూలో వేరే భాగంగా ఇవ్వాలి. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున రాస్తే, అరగంట నిడివికి అది తీసుకునే చోటు ఒక గిగాబైటుకు కాస్త ఎక్కువ.