రాత్రి కాయకము – పగటి నిద్ర



మన విశాఖపట్టణమున కొందరికి రాత్రి లేదు. 1933లో ఆరంభమైన ఓడరేవునకు నౌకలు వేళ చూచి రావు. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమున బ్లాస్ట్ ఫర్నేసును ప్రతి సాయంకాలము ఆర్పి ఉదయమున వెలిగించుట సాధ్యము కాదు. కావున మనవారెందరో రాత్రి కాయకము చేయుచున్నారు.

నా పూర్వశిష్యుడొకడు అట్టివాడు. ఉదయము ఇల్లు చేరి, లింగార్చన ముగించి, పిల్లలను బడికి దింపి, బజారు పనులు చూచుకొని, మధ్యాహ్నము రెండు గంటలు కునుకు తీసెడివాడు. కొన్ని నెలలకు నవ్వు మరచినాడు. అన్నము సహింపలేదు. తుదకు పూజయు మానినాడు. తల్లి కన్నీటితో చెప్పగా, "భక్తి సన్నగిల్లినది నాయనా" అని నేనతనిని మందలించితిని. అతడు తలవంచుకొని, "బతకాలని లేదు మాస్టారూ" అనెను. నా పాండిత్యమెంతటిదో ఆనాడు తెలిసివచ్చినది. వానిని వెంటబెట్టుకొని వైద్యుని కడకు పోయితిని.

మన మెదడులో వెలుగును బట్టి నడచు గడియారమొకటి కలదు. చీకటి పడిన కొలది నిద్రకు తోడ్పడు మెలటోనిన్ ఊరును. రాత్రి దీపములలో పనిచేసి, పగటి వెలుగులో పడుకొనువానికి ఆ గడియారము ఎదురు తిరుగును. చిరకాలము నిద్రలేమితో బాధపడువారికి కుంగుబాటు వచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు రెట్టింపని పరిశోధనలు తెలుపుచున్నవి. కుంగుబాటు మరల నిద్రను చెరచును. అదియొక సుడిగుండము. నిద్రకై మద్యమును ఆశ్రయించువారు కలరు. అది కునుకు తెప్పించి నడుమనే తెంచును.

దేహమును దేవాలయముగా దర్శించిన బసవేశ్వరుని బాటలో నడచు మనము నిద్రను సోమరితనముతో జమకట్టుట తగునా? పడవ నడిపిన అంబిగర చౌడయ్య కాలమున, అనగా 12వ శతాబ్దమున, రాత్రిని పగలు చేయు విద్యుద్దీపములు లేవు. మన కాయకము మారినది. ఇంటి పద్ధతియు మారవలెను. రాత్రి షిఫ్టు నుండి వచ్చినవానిని ఫలహారము కాగానే పడుకొననిండు. కిటికీకి మందపు తెర కట్టుడు. పిల్లలను మరియొకరు బడికి దింపవచ్చును. టీవీ కొంతసేపు ఆగిన ఏమియు కొరతపడదు. మఠములవారు సైతము దాసోహమును సాయంవేళకు మార్చిన ఇట్టివారును రాగలుగుదురు.

దిగులు రెండు వారములు వదలనియెడల వైద్యుని చూడవలెను. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. టెలి మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. చావు తలంపు వచ్చినచో ఒక్క దినమైనను ఆగరాదు.

నా శిష్యుడు చికిత్సతో తేరుకొనినాడు. రాత్రి షిఫ్టు వారములలో ఇప్పుడు సాయంకాలము నిద్రలేచి లింగార్చన చేయుచున్నాడు. అది ఆచారమునకు సరియేనా యని వాని తల్లి నన్నడిగినది. సరియే నమ్మా యంటిని.