బడి తలుపు తెరచుటకు ముందు

ఒక బడిని మూయుటకు ఒక ఉత్తరువు చాలును. దానిని తిరిగి తెరచుటకు అది చాలదు. మూయునప్పుడు అందరికిని ఒకే మాట చెప్పవచ్చును. తెరచునప్పుడు మాత్రము ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరి కొరకు ఎవరు అపాయమును మోయవలెను అను ప్రశ్నలు వరుసగా వచ్చి నిలుచును. ఇవి వైద్యశాస్త్ర మొక్కటియే తీర్చగల ప్రశ్నలు కావు, ధర్మమునకు సంబంధించినవి. కరోనా మహమ్మారి గడచి కొన్ని సంవత్సరములైనది. భయము చల్లారిన ఈ సమయమే వీనిని శాంతముగా విచారించుటకు తగినది.

జరిగినదానిని ముందు జ్ఞప్తికి తెచ్చుకొందము. 2020 మార్చిలో బడులు మూతపడినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న 9, 10 తరగతులవారికి, దినము విడచి దినముగా, మొదట తలుపులు తెరచిరి. 1 నుండి 5 తరగతుల పసివారు 2021 ఫిబ్రవరి 1 వరకు వేచియుండవలసివచ్చెను. తెలంగాణలో ఆ ఫిబ్రవరి 1న 9వ తరగతి మొదలు పైవారు వచ్చిరి. మార్చిలో మరల మూసిరి. ప్రాథమిక తరగతుల పిల్లలు 2021 సెప్టెంబరు 1న గాని బడి గడప త్రొక్కలేదు. అనగా పదునేడు నెలలకు పైబడిన కాలము. 1వ తరగతిలో చేరవలసిన బిడ్డ, చేయి పట్టుకొని అక్షరము దిద్దించువారు లేకయే 2వ తరగతికి చేరినది.

ఈ క్రమమునకు కారణము లేకపోలేదు. పెద్ద పిల్లలు ముఖమునకు గుడ్డ కట్టుకొనుట, ఎడముగా కూర్చుండుట చెప్పిన గ్రహింతురు. వారి ముందు పబ్లిక్ పరీక్షలు కలవు. పసివానిని పంపుటకు తల్లి మనస్సు ఒప్పదు. ఇవన్నియు న్యాయమైన మాటలే. కాని డెన్మార్క్ దేశము 2020 ఏప్రిల్ 15న ఇందుకు విరుద్ధముగా చిన్న పిల్లలనే ముందు పిలిచెను. వారిని చిన్న చిన్న గుంపులుగా చేసి, వీలైనంతవరకు ఆరుబయట కూర్చుండబెట్టెను. మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి అధిపతి సయితము 2021 జూలైలో ప్రాథమిక పాఠశాలలను ముందు తెరచుట మేలని చెప్పెను. ఈ వ్యాధిని చిన్న పిల్లలు పెద్దలకంటె బాగుగా తట్టుకొందురనుట అందుకు హేతువు. అయినను మన క్రమము మారలేదు. మనము పిల్లవాని అవసరమును గాక పరీక్షను కొలతగా తీసికొంటిమి. పరీక్ష కనబడును, దానికి తేదీ కలదు. అక్షరము రాకపోవుటకు తేదీ లేదు. కనబడు నష్టమునకు కనబడని నష్టముకంటె ఎక్కువ విలువ నిచ్చుట మనుష్యుల బలహీనత.

ఇంటిలోనే చదువు సాగినది గదా అనవచ్చును. 2021 ఆగస్టులో పదునైదు రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములలో సుమారు 1,400 మంది బీద పిల్లలను విచారించిన ఒక పరిశీలనలో, గ్రామములయందు క్రమముగా ఆన్‌లైన్ పాఠములు చదువుచున్నవారు నూటికి 8 మంది మాత్రమే. బొత్తిగా చదువు లేనివారు 37 మంది. ఒకే సెల్‌ఫోను ఉన్న ఇంట, అది తండ్రితో పనికి పోయిన పిదప పాఠమెక్కడిది? బడితోపాటు మధ్యాహ్నపు ముద్దయు నిలిచిపోవుననియే 2020 మార్చి 18న సుప్రీం కోర్టు తనంతట తానే ఆ విషయమును విచారణకు తీసికొన్నది. కలిగినవారికి బడి మూతపడుట అసౌకర్యము; లేనివారికి అది వంచన.

అట్లయిన బడులను మూయకయే యుండవలసినదా? 1918లో ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించినప్పుడు న్యూయార్క్ నగర ఆరోగ్యాధికారి రాయల్ కోప్‌లండ్ బడులను మూయలేదు. ఆ నగరపు పిల్లలలో అధికులు గాలి వెలుతురు లేని ఇరుకు ఇండ్లలో నుండిరి; బడియే వారికి మేలైన చోటని ఆయన తలచెను. కాని ఆ నగరమునకు అంతకు ముందే బడి వైద్యులు, నర్సులు ఉండిరి. ప్రతి ఉదయము పిల్లలను పరీక్షించు ఏర్పాటు జరిగెను. కావున "తెరచి యుంచుడు" అనుట ఇందలి నీతి కాదు. సన్నాహము గలవానికే తెరచి యుంచు అధికారము కలదనుట నీతి.

మన ప్రక్క కర్ణాటకము మరియొక దారి త్రొక్కెను. 2020లో "విద్యాగమ" యను పేర ఉపాధ్యాయులే పిల్లల ఊళ్లకు పోయి, గుడి అరుగులమీద, చెట్ల నీడలలో పాఠములు చెప్పిరి. బడి పిల్లవాని వద్దకు నడచి వచ్చినది. ఇది మిక్కిలి మెచ్చదగిన యోచన. కాని ఉపాధ్యాయులకును పిల్లలకును వ్యాధి సోకినదను వార్తలు రాగా అక్టోబరులో దానిని నిలిపివేసిరి. పిల్లవాని హక్కును గూర్చి మాటలాడు మనము, ఆ హక్కును తీర్చుటకు తన ప్రాణమును ఒడ్డు ఉపాధ్యాయుని ఏమని అడిగితిమి? త్యాగము స్వయముగా చేయదగినది. ఒకరిచే చేయింపదగినది కాదు. బసవేశ్వరుడు బోధించిన కాయక దృష్టిలో పనులయందు హెచ్చుతగ్గులు లేవు. కావున పాఠము చెప్పువాని అపాయముతోపాటు, వంటశాలలో పొయ్యి ముందు నిలుచు స్త్రీ అపాయమును, గదులు ఊడ్చువాని అపాయమును సమానముగా లెక్కకు తేవలెను.

ఈ విచారము మఠములకు మరింత దగ్గరది. దాసోహముతోపాటు విద్యార్థి నిలయములను నడుపు మఠములు అనేకము కలవు. పగటి బడిలో పిల్లవాడు సాయంకాలము ఇల్లు చేరును. వసతిలో నొకనికి జ్వరము వచ్చిన, ఆ రాత్రి ప్రక్క చాపమీది వాడు ఎక్కడికి పోవును? 2021 ఆగస్టు 31న తెలంగాణ హైకోర్టు, వసతి గురుకులములను అప్పుడే తెరువరాదనియు, ప్రత్యక్ష తరగతులకు రమ్మని పిల్లలను నిర్బంధింపరాదనియు ఆదేశించినది. అందులో మొదటి మాట వసతి గృహముల భయమును తెలుపుచున్నది. రెండవ మాట అంతకంటె లోతైనది. తల్లిదండ్రుల సమ్మతి పత్రముమీద వ్రాలు పెట్టించుకొనుట సుకరము. సమ్మతి యీయని పక్షమున బిడ్డకు చోటు పోవునని భయపడి పెట్టిన వ్రాలు సమ్మతి కాదు. నిరాకరించినను చోటు నిలుచును, పుస్తకము ఇంటికి చేరును, బియ్యము ఇంటికి చేరును అను భరోసా యున్నప్పుడే అది సమ్మతి యగును.

కావున ప్రతి విద్యాలయమును నేడే నిర్ణయించి వ్రాసి యుంచుకొనవలసినవి కొన్ని కలవు. ఏ గదికి కిటికీలు చాలవు? జ్వరము వచ్చిన పిల్లవానిని ఉంచుటకు వేరు గది యేది? వృద్ధుడైన ఉపాధ్యాయునికి బదులు ఎవరు? వేతనము కోల్పోకుండ ఆయనకు ఇంటనుండి చేయదగిన పని యేది? బడి మూసిన మరునాటినుండి భోజనము ఎవరి ఇంటికి, ఎవరు మోయుదురు? ఫోను లేని పిల్లల పట్టిక ఎవరి వద్ద కలదు? ఆపద వచ్చిన పిదప ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినచో, గట్టిగా అరచువారి పిల్లలకే మొదటి వరుస దొరకును.

అపాయము బొత్తిగా లేని తెరచుట లేదు; నష్టము బొత్తిగా లేని మూయుటయు లేదు. ఈ రెంటి నడుమ తూకము పట్టునప్పుడు ధర్మము మనలను అడుగునది ఒక్కటే. ఈ తలుపు మూసిన, వేరొక తలుపు లేని బిడ్డ యెవరు? మొదట వాని కొరకు తెరువవలెను. తెరచునప్పుడు ఆ గడపలో నిలుచు వారిని ఒంటరిగా విడువరాదు.