కొండ మీది గాలి, తలరాత

 

పోయిన వానాకాలం మా వాడలో ఒక పిల్లవాడు చనిపోయాడు. సెంట్రింగ్ పని. మూడో అంతస్తు పరంజా మీద నుంచి జారిపడ్డాడు. నడుముకు తాడు లేదు, కింద వల లేదు, రాత్రి వానకు బొంగులు తడిసి ఉన్నాయి. మేస్త్రీ వచ్చి ఏమన్నాడో తెలుసా? "ఏం చేస్తాం, వాడి రాత అంతవరకే ఉంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ దాచకుండా చెప్పాలి, పంచశీల తీసుకున్న మన ఇళ్ళవాళ్ళే ఇద్దరు ముగ్గురు ఆ మాటకు తల ఊపారు. తల్లి నా చెయ్యి పట్టుకుని "పోయిన జన్మలో ఏం పాపం చేశాను తమ్ముడూ" అని అడిగింది. ఆ రోజు నా నోట జవాబు రాలేదు.

తర్వాత నేను చదివిన ఇంకో చావు గురించి చెబుతాను, వినండి.

జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1848లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి తమ్ముడు గుస్తావ్‌తో కలిసి కొంగలు ఎలా ఎగురుతాయో చూసేవాడు. మనమైతే దేవుడి మహిమ అని దండం పెట్టి ఊరుకుంటాం. ఆయన కొలతలు తీశాడు. పక్షుల రెక్క మీద 1889లో పుస్తకం రాశాడు. ఆ తర్వాత కర్ర పుల్లలకు నూలు గుడ్డ బిగించి ఇంజను లేని గ్లైడరు చేసి, కొండ వాలు మీద నుంచి గాలికి ఎదురు పరిగెత్తి ఎగిరేవాడు. రెండు వేల సార్లకు పైగా ఎగిరాడు. (తన ఫ్యాక్టరీ లాభంలో నాలుగో వంతు పనివాళ్ళకు పంచిన మనిషి కూడా ఆయనే. ఈ సంగతి ఎందుకో ఎవరూ పెద్దగా చెప్పరు.)

1896 ఆగస్టు 9, ఆదివారం. స్టోల్న్ అనే ఊరి దగ్గర గోలెన్‌బెర్గ్ కొండ. పెద్ద పర్వతమేం కాదు, మన ఊరి గుట్టలాంటిదే. కానీ గాలికి గుట్ట అయినా పర్వతమైనా పద్ధతి ఒకటే. వాలు అడ్డొస్తే పైకి లేస్తుంది, ఎండకు నేల కాగితే అక్కడక్కడా ఉబికి వస్తుంది. అలాంటి గాలి ఒకటి గ్లైడరు ముక్కును పైకి ఎత్తేసింది. రెక్క మరీ నిటారుగా లేస్తే దాని పైన గాలి అంటుకుని పారదు, మోసే బలం పోతుంది. ఆ గ్లైడరుకు చుక్కాని తిప్పే ఏర్పాటు లేదు. వేలాడే కాళ్ళను, ఒంటిని అటూ ఇటూ ఊపి బరువు మార్చడమే ఆయనకున్న ఉపాయం. కాళ్ళు ముందుకు విసిరాడు, చాలలేదు. సుమారు పదిహేను మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడు. మెడ ఎముక విరిగింది. మర్నాడు బెర్లిన్‌లో ప్రాణం పోయింది. వయసు 48.

ఇప్పుడు చెప్పండి, ఇందులో తలరాత ఎక్కడుంది? గాలి ఉంది, రెక్క ఉంది, చాలని అదుపు ఉంది. ఇది ఉంటే అది ఉంటుంది. తథాగతుడు పటిచ్చసముప్పాదం అన్నది దీన్నే.

మోలియసీవకుడు అనే పరివ్రాజకుడు ఒకసారి బుద్ధుణ్ణి సరిగ్గా ఆ తల్లి అడిగిన ప్రశ్నే అడిగాడు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లేనా అని. సంయుత్త నికాయంలో ఉంది. బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, జాగ్రత్త తప్పడం, బయటి దెబ్బ, ఇవన్నీ కారణాలని లెక్కపెట్టి, కర్మను ఎనిమిదో దానిగా చివర చేర్చాడు. అన్నిటినీ దాని మీదికే నెట్టేవాళ్ళు కళ్ళెదుట కనబడేదాన్ని దాటిపోతున్నారన్నాడు. పూర్వజన్మ కర్మ పేరుతో మనల్ని ఎంతకాలం అణచిపెట్టారో బాబాసాహెబ్‌కు తెలుసు. అందుకే తన ధమ్మ గ్రంథంలో ఆ వాదానికి చోటివ్వలేదు.

లిలియెంతాల్ సమాధి రాయి మీద, బలులు తప్పవు అనే అర్థం వచ్చే మాట చెక్కి ఉంది. నాకది మింగుడు పడదు. యజ్ఞంలో బలి వద్దన్న గురువు మనవాడు. లిలియెంతాల్ తన ఇష్టంతో, తన లెక్కతో కొండ ఎక్కాడు. మన పిల్లవాణ్ణి రోజుకూలి పరంజా ఎక్కించింది. ఇద్దరినీ ఒకే గాట కట్టి బలి అనేస్తే మేస్త్రీ హాయిగా ఇంటికెళ్ళి పడుకుంటాడు.

అమెరికాలో రైట్ సోదరులు ఆ చావు వార్త చదివి రాత అనుకోలేదు. ఒంటి బరువుతో అదుపు చాలదని గ్రహించారు. రెక్కల కొసలు మెలితిప్పే ఉపాయం కనిపెట్టారు. ముక్కు పైకి లేస్తే దించడానికి ఒక చిన్న రెక్కను ముందు భాగంలో పెట్టారు. 1903 డిసెంబరు 17న ఇంజనుతో ఎగిరారు.

నేను మళ్ళీ ఆ తల్లి దగ్గరికి వెళ్ళాను. కర్మ మాట ఎత్తలేదు. తాడు, వల, తడిసిన బొంగులు అని ఒక్కొక్కటే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "తాడుంటే బతికేవాడా తమ్ముడూ?" అంది. "బతికేవాడే అక్కా" అన్నాను. ఏడ్చింది. పక్క వీధిలో అదే మేస్త్రీ ఇంకో స్లాబుకు పరంజా కడుతున్నాడని ఆమే చెప్పింది. మర్నాడు నష్టపరిహారం దరఖాస్తు మీద వేలిముద్ర వేసి, ఆ పరంజా దగ్గరికి మాతో పాటు నడిచి వచ్చింది.