పని మానినవానికి చదువెందుకు?



ఉద్యోగము విరమించిన మనుష్యునికి చదువెందుకని మనలో అనేకులు అడుగుదురు. వాడు పరీక్ష వ్రాయబోడు, జీతము పెరుగబోదు. కాటికి కాళ్లు చాచినవానికి ఓనమాలేమిటని నవ్వువారును కలరు. ఈ నవ్వును త్రోసివేయుట సులభము కాదు. కోటి విద్యలు కూటికొరకే యని మనమే మన పిల్లలకు చెప్పుచు వచ్చితిమి. అది నిజమైతే కూడు సమకూడిన పిమ్మట చదువుతో పని లేదు.

సికింద్రాబాదులోని ఏ.ఎస్. రావు నగర్‌ను తలంచుకొనుడి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన డాక్టరు అయ్యగారి సాంబశివరావు గారి పేరు ఆ పేటకు పెట్టిరి. ఆయన నాయకత్వమున 1967లో ఇ.సి.ఐ.ఎల్. స్థాపింపబడెను. టెలివిజన్లు, కంప్యూటర్లు, తరువాతి కాలమున ఓటింగు యంత్రములు అక్కడ తయారైనవి. ఆ సంస్థ ఉద్యోగులు ఎందరో ఇండ్లు కట్టుకొన్న పేట అది. ఆ మొదటి సంవత్సరమున ఇరువది ఏండ్ల ప్రాయమున చేరినవానికి నేడు ఎనుబది సమీపించుచున్నవి. పదవీ విరమణ దినమున శాలువా కప్పుదురు, దండ వేయుదురు, ఫొటో తీయుదురు. నాలుగవ దినమున తెల్లవారుజామునే మెలకువ వచ్చును గాని వెళ్లవలసిన చోటు లేదు. నిన్నటివరకు వీధిలో ఆయనను హోదాతో పిలిచినవారు నేడు తాతగారూ అందురు. ఆ హోదా తీసివేసిన తరువాత మిగిలిన మనిషి ఎవడు? మా దృష్టిలో అసలు ప్రశ్న ఇదియే, కాలక్షేపము కాదు.

మోషే ధర్మశాస్త్రములో పదవీ విరమణ యున్నదని మనలో కొందరు గమనించియుండరు. లేవీయులు యాబది యేండ్లకు బరువు పని మానవలెనని సంఖ్యాకాండము 8వ అధ్యాయములో చూచుచున్నాము. మన కేంద్ర ప్రభుత్వము 1998లో 58ని 60 చేసినది. లేవీయులకు అంతకంటె ముందే సెలవు దొరికినది. అయితే వారిని గుడారము వెలుపలికి పంపలేదు. సహోదరులతో కూడ ఉండి వారికి తోడ్పడవలెను. మోత మాత్రమే దించిరి.

ఈ తలంపునకు దగ్గరగా నున్న ప్రయత్నము 1973లో ఫ్రాన్సు దేశమున తులూజు పట్టణములో మొదలైనది. పియేర్ వెల్లాస్ అను ఆచార్యుడు వృద్ధుల కొరకు విశ్వవిద్యాలయపు తలుపులు తెరచెను. దానికి మూడవ వయస్సు విశ్వవిద్యాలయమని పేరు. బాల్యము మొదటిది, సంపాదన రెండవది, విరామము మూడవది. అక్కడ ఆచార్యులు చెప్పిరి, పెద్దలు వినిరి. 1981లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పీటర్ లాస్లెట్, మైఖేల్ యంగ్, ఎరిక్ మిడ్వింటర్ అనువారు వేరొక త్రోవ పట్టిరి. జీతపు ఉపాధ్యాయుడు వలదు, పరీక్ష వలదు, పట్టా వలదు. తెలిసినవాడు చెప్పును, తెలియనివాడు వినును, మరునాడు వారే తారుమారగుదురు. స్వచ్ఛందముగా పూనుకొన్న కొద్దిమంది, ఒక గది, కొన్ని కుర్చీలు చాలును. వచ్చినవారిని రెండే మాటలు అడుగవలెను: నీవేమి చెప్పగలవు? నీకేమి తెలిసికొనవలెనని యున్నది?

ఆ రెండవ ప్రశ్నయే గొంతులో ముల్లు. ఏ.ఎస్. రావు నగర్ వంటి పేటలో ఒకప్పటి మేనేజరు, ఆయన క్రింద పనిచేసిన టర్నరు ఒకే వీధిలో నుందురు. ఆ టర్నరుకు తబలా వచ్చునేమో. మేనేజరు గారు చాపమీద కూర్చుండి, తన వ్రేళ్లు తప్పుగా పడుచున్నవని అతని చేత చెప్పించుకొనవలెను. ముప్పది యేండ్లు సంతకము పెట్టిన చేయికి ఇది చిన్న పరీక్ష కాదు. పట్టా లేని చదువులో మేలు ఇక్కడనే యున్నది. దానివలన ఎవడును పైకెక్కడు. గొప్పతనము కొరకు వచ్చినవాడు రెండు వారములకే మానివేయును.

బర్జిల్లయి ఎనుబదియవ యేట, తనకు రుచి తెలియదు, పాట వినబడదు అని దావీదుతో యెరూషలేమునకు పోలేదు. అది అతని ఇష్టము. వృద్ధులందరు చదువవలెనని నిర్బంధించుట కూడ క్రూరత్వమే. వద్దన్నవానిని ఊరకుండనిండు.

మాకున్న సంశయము వేరు. మేము పల్లె సంఘమున పనిచేయువారము. మా యొద్ద కూలివారికి పదవీ విరమణ లేదు. నడుము పడిపోయిన దినమే విరమణ. పట్నములోనైనను, భర్త విరమించిన ఇంట భార్య విరమించినదా? ఆయన పదకొండు గంటల తరగతికి పోవునట్లు ఆమె పది గంటలకే పప్పు దించవలెను, మనుమనికి అన్నము పెట్టవలెను. అపార్టుమెంటు గేటువద్ద స్టూలుపై కూర్చున్న వాచ్‌మను వయస్సు కొన్నిచోట్ల లోపలి విద్యార్థుల వయస్సే. ఇట్టి గుంపు పింఛనుదారుల వేడుకయే యని ఎవరైనను నిందించిన, ఆ నింద పూర్తిగా అబద్ధము కాదు.

అయినను నింద చాలునని మేము ఒప్పుకొనము. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయము నడిపిరి. తీరిక లేనివారు గ్రంథాలయమునకు రాలేరు గనుక పుస్తకములే కాలువ వెంట పోయినవి. ఏ.ఎస్. రావు నగర్ పెద్దలలో యంత్రములు నేర్చినవారు, లెక్కలు వచ్చినవారు ఎందరో. తరగతి వేళను మధ్యాహ్నము మూడు గంటలకు మార్చినచో గృహిణులు రాగలరు. వాచ్‌మను గేటు విడువలేడు గనుక వారమునకొక పాఠము గేటువద్దనే జరుగవలెను. అతనిని కూడ ఆ రెండు ప్రశ్నలు అడుగవలెను. అతనికి విత్తనము దాచుట తెలిసియుండవచ్చును, పశువుల రోగము తెలిసియుండవచ్చును. మా పల్లెలో నైతే వేళ రాత్రి ఎనిమిది. నాట్లనుండి వచ్చిన స్త్రీలు అన్నము తిన్న తరువాత. విరమించిన బడిపంతుళ్లు ఇద్దరున్నారు, చాపలు గుడిలో నున్నవి. నాట్ల కాలములో పదిమందికంటె రారనియే మా అంచనా.